మంచం తిప్పిన గది

లిన్వల్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆయన్ని ముందుగా పలకరించింది పెళ్ళాం కాదు, పెయింటు వాసన.

ట్యాక్సీ దిగి, వరండా మెట్లు ఎక్కకముందే ముక్కు ఎగబీల్చాడు. పోర్ట్ ఆంటోనియో నుంచి కింగ్‌స్టన్‌కి కొండదారిలో తిరిగే బస్సులో ఒక జీవితకాలం కండక్టర్‌గా చేసిన మనిషి. నిద్రపోతున్నవాడెవడో, టికెట్టు అడుగుతారని నిద్ర నటిస్తున్నవాడెవడో వెనక సీటు దాకా వెళ్ళకుండానే చెప్పగలడు. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ఆ చూపు పోలేదు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈయన ఒక కన్ను తెరిచే ఉంచుతాడు. ఇంకో అలవాటు కూడా ఒంటికి పట్టేసింది. ఏదైనా సంగతి తేలిపోయిందనుకుంటే పక్కనున్న చెక్క మీద అరచేత్తో రెండుసార్లు చరుస్తాడు. ఇక పోనియ్యి అని డ్రైవర్‌కి చెప్పే చరుపు అది.

"ఏమిటీ వాసన?" అన్నాడు.

"వచ్చీ రాగానే మొదలెట్టావా? ముందు కూర్చో. మొక్కజొన్న జావ చేశాను" అంది ఐసిల్డా. సంచీ అందుకుంది గానీ మొహంలోకి చూడలేదు.

ఐసిల్డా ఆయన రెండో భార్య. మొదటావిడ పర్లీన్ పోయి చాలా ఏళ్ళయింది. ఐసిల్డా పొడగరి, గట్టి మనిషి. బజారులో అరటికాయలమ్మే ఆడవాళ్ళు కూడా ఆవిడతో మాటకి మాట అనబోయే ముందు ఒకసారి ఆలోచించుకుంటారు. అలాంటి మనిషి నీళ్ళు నములుతుంటే ఎవరికైనా అనుమానం రావలసిందే. లిన్వల్‌కి రావడానికి ఎంతసేపు?

జావ సంగతి తర్వాత అని తిన్నగా వెళ్ళి పడకగది తలుపు తోశాడు. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి.

గోడలు నీలంగా ఉన్నాయి. ఆయన వెళ్ళేటప్పుడు అవి వెలిసిపోయిన గులాబీ రంగులో, చెమ్మకి పెచ్చులూడుతూ ఉండేవి. పువ్వుల పరదాలు పోయి తెల్లవి వచ్చాయి. నిలువుటద్దం ఉండే చోట గోడ మీద నలుచదరపు మచ్చ కూడా లేదు. బీరువా ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచింది. అన్నిటికంటే ముఖ్యం, మంచం. ఎన్నో ఏళ్ళుగా లోపలి గోడకి ఆనుకుని ఉన్న ఆ బరువైన మహోగని మంచం ఇప్పుడు కిటికీ పక్కన ఉంది. తలాపు ఉండాల్సిన చోట కాళ్ళవైపు ఉంది. పరుపు మీద చెయ్యి వేసి చూశాడు. తన ఒంటి బరువుకి పడ్డ గుంట లేదు. పరుపుని కూడా తిరగేశారు.

వడలిపోయిన గదికి కొత్త కళ తెచ్చారని ఇంకెవరైనా మురిసిపోయేవాళ్ళు. ఆ కొండల్లో పుట్టినవాడు మాత్రం మురిసిపోడు. అక్కడ మనిషి పోతే తొమ్మిదో రాత్రి ఊరంతా చేరి పాటలు పాడుతుంది, రమ్ము తాగుతుంది, వేయించిన చేపలు తింటుంది. ఆ తర్వాత చేసే పని, పోయిన మనిషి గదిలోకి వెళ్ళి మంచం తిప్పడం. పరుపు తిరగేస్తారు, సామాను జరుపుతారు, ఓపికుంటే రంగు కూడా వేస్తారు. డపీ, అంటే చచ్చిన మనిషి నీడ, తన చోటు వెతుక్కుంటూ వచ్చి చూసి, ఇది నా గది కాదనుకుని తన దారిన తాను పోవాలి. అందుకోసం. బతికున్నవాడికి ఎవరూ మంచం తిప్పరు.

పర్లీన్ పోయినప్పుడు లిన్వల్ ఈ గుమ్మానికే అడ్డంగా నిలబడి, మంచం మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తు రాలేదు. తన చావు గురించి ఆలోచిస్తున్న మనిషికి ఇంకొకళ్ళ చావు ఎక్కడ గుర్తొస్తుంది?

"నేనింకా చావలేదు కదా, ఐసీ" అన్నాడు.

"చస్తే జావ ఎవరికి కాచాననుకున్నావు?"

"మంచం ఎందుకు తిప్పావు?"

"గది చూస్తేనే నీరసం వస్తోంది, అందుకు. నువ్వు లేనప్పుడైతే పని తొందరగా అవుతుందని చేయించా. బాగాలేదా?"

"ఎవరి చేత?"

"ఎగ్బర్ట్ చేత."

ఎగ్బర్ట్ వీధి చివర వడ్రంగి. భార్య పోయినవాడు. లిన్వల్ కంటే అంత చిన్నవాడేం కాదు గానీ పళ్ళన్నీ సొంతవే, ఆ సంగతి అందరికీ తెలియాలని అస్తమానం నవ్వుతుంటాడు. లిన్వల్ ఆ పేరు విని తల ఊపి ఊరుకున్నాడు. టికెట్టు లేనివాణ్ణి పట్టుకునే ముందు కండక్టరు అలాగే ఊరుకుంటాడు.

జావ గిన్నె ముందుకొచ్చింది. పైన జాజికాయ పొడి, పాలు, ఎప్పటిలాగే.

"ముందు నువ్వు తిను" అన్నాడు.

ఐసిల్డా ఆయన వంక చూసింది. గిన్నె లాక్కుని చెంచా తరవాత చెంచా మొత్తం తినేసి, ఖాళీ గిన్నె ఆయన ముందు పెట్టింది.

"బాగుంది. ఇంకా కావాలంటే లేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆకలితో కడుపు కాలుతున్నా లిన్వల్‌కి ఒక సంగతి మాత్రం తేలింది, జావలో ఏమీ కలపలేదు. మిగతావి తేలలేదు. "నేను వరండాలో సోఫా మీద పడుకుంటా. చచ్చినవాడికని తిప్పిన మంచం నాకొద్దు" అని అరిచాడు. తిడుతుందనుకున్నాడు. ఐసిల్డా పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడైనా పడుకో గానీ బయట మాత్రం వద్దు లిన్. నీకు దణ్ణం పెడతా."

"ఏం? ఎవరెత్తుకుపోతారు నన్ను?"

ఆవిడ వరండా తలుపు గడియ పెట్టింది. చివరికి వంటింట్లో బెంచీ మీద పక్క వేసింది. లిన్వల్ అక్కడే ముడుచుకుని పడుకున్నాడు. ఇంటి యజమానికి సొంత ఇంట్లో పొయ్యి పక్కన చోటు దొరికిందని బాధ పొంగుకొచ్చింది. ఆసుపత్రిలో ఊపిరాడక కొట్టుకుంటున్నప్పుడు ఆయన కోరుకున్నది ఒక్కటే, ఇంటికెళ్ళి తన గదిలో తన మంచం మీద పడుకోవాలని. ఆ గదేమో నువ్వెవరివి అని అడుగుతోంది. ఐసిల్డాకి తను అక్కర్లేదా? ఈ ఒక్క ప్రశ్న వేళ్ళ మధ్య చిరిగిన టికెట్టులా నలుగుతూనే ఉంది.

పొద్దున్నే పక్కింటి ఊనా కంచె మీదుగా తల పెట్టి, అక్కడ పెద్దవాళ్ళని పిలిచే మర్యాద ప్రకారం మాస్ అని పలకరించింది. ఆవిడ నోట్లో మాట దాగదని ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే అందరూ ఆవిడ దగ్గరికే వెళ్తారు.

"మాస్ లిన్! నువ్వేనా, నీ డపీ వచ్చిందా?"

"నేనే, మిస్ ఊనా. కావాలంటే గిల్లి చూడు."

"నాకెందుకయ్యా, గిల్లేవాళ్ళు నీకు ఇంట్లోనే ఉన్నారుగా" అని పకపకా నవ్వింది. "అయినా నువ్వు తిరిగొస్తావని నేననుకోలేదు. గది అంత సందడిగా తిప్పారు మరి."

"సందడి ఏమిటి?"

"అయ్యో, చెప్పలేదా? చర్చి ఆడవాళ్ళంతా వచ్చారు. ఎగ్బర్ట్ మంచం జరుపుతుంటే వీళ్ళు పాటలు. మామూలు పాటలు కావు, చావింట్లో పాడేవి. ఊడ్చిన చెత్త పెరట్లోకి కాదు, వీధి గుమ్మంలోంచి బయటికి కొట్టారు. నాకు ఒళ్ళు జలదరించింది. 'ఐసిల్డా, మీ ఆయన పోయాడా తల్లీ?' అని ఇక్కణ్ణించే కేకేశా."

"ఏమంది?"

"'ఇంకా లేదు' అంది."

లిన్వల్ కంచె కర్ర పట్టుకున్నాడు. "ఇంకా లేదు అందా?"

"'ఇంకా లేదు, ఆగితే చెయ్యి దాటిపోతుంది' అంది. నేను నా చెవులతో విన్నా. నీ దగ్గర దాచడం దేనికి?"

దాచడం ఆవిడకి చేతకాని పని, అది వేరే సంగతి. ఆ మాట లిన్వల్ గుండెలో దిగబడింది. తను చావకముందే తన డపీకి దారి తప్పించారు. అక్కడ తను ఒక్కొక్క ఊపిరే లాగుతుంటే ఇక్కడ వీళ్ళు పాటలు పాడుకున్నారు. ఆగితే చెయ్యి దాటిపోతుందట! ఏం దాటిపోతుంది? తను బతికి ఇంటికొచ్చేస్తాడనా?

అంతటితో అయిపోలేదు. మధ్యాహ్నం ఎగ్బర్ట్ రంపం భుజాన వేసుకుని వీధిలో పోతున్నాడు. నెత్తిన గోధుమరంగు ఫెల్టు టోపీ. ఎడమవైపు అంచు కొంచెం నలిగి ఉంది. బస్సు తలుపులో పడి నలిగిన నలుగుడు అది. ప్రపంచంలో అలా నలిగిన టోపీ ఒకటే.

"ఏయ్ ఎగ్బర్ట్! ఆ టోపీ ఎవరిది?"

ఎగ్బర్ట్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మొదటిసారి పళ్ళు కనబడలేదు.

"నీదే, మాస్ లిన్. మిస్ ఐసిల్డా ఇచ్చింది."

"చచ్చినవాడి బట్టలు పంచినట్టు పంచిందా? ఇటు తే."

"తేలేను. ఇది మళ్ళీ నీ గుమ్మం తొక్కకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది."

"నా టోపీ నా గుమ్మం తొక్కకూడదా?"

"నన్నడక్కయ్యా. నోరు విప్పొద్దని కూడా చెప్పింది. ఇంట్లో మనిషిని అడగడం చేతకాదా నీకు?" అంటూ ఎగ్బర్ట్ టోపీని నెత్తికి అదుముకుని, నడకలాంటి పరుగు లంకించుకున్నాడు.

లిన్వల్ ఇంట్లో మనిషిని అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. "అవును, నువ్వు అక్కర్లేదు" అని ఆవిడ నోటితో వినడం కంటే వంటింటి బెంచీయే నయం. అనుమానపు మనుషులతో ఇదే చిక్కు. ఊరంతా ఆరా తీస్తారు గానీ అడగాల్సిన ఒక్క మనిషిని అడగరు.

శనివారం ఐసిల్డా బుట్ట తీసుకుని పట్నం సంతకి బయలుదేరింది. సెరసీ ఆకు కషాయం మూత పెట్టి ఉంచాననీ, వేడిగా తాగమనీ చెప్పింది. "చేదుగా ఉంటుంది, నేను విషం కలిపానని ఊనాకి చెప్పకు. సెరసీ పుట్టిందే చేదుగా" అని గేటు వేసి వెళ్ళింది.

ఆవిడ మలుపు తిరగగానే లిన్వల్ గదిలోకి వెళ్ళాడు. నిశ్చయించుకున్నాడు. మంచం తిప్పడం వల్ల తను చచ్చినవాడి లెక్కలో చేరితే, తిరిగి తిప్పితే బతికినవాడి లెక్కలోకి వస్తాడు. మాటలతో పనిలేదు. ఆవిడ సంత నుంచి వచ్చేసరికి మంచం ఎక్కడిదక్కడ ఉండాలి, దాని మీద తను కాళ్ళు చాపుకుని పడుకుని ఉండాలి. ఏమంటుందో చూద్దాం.

మంచం కోడు పట్టుకుని లాగాడు. రాలేదు. భుజం ఆనించి తోశాడు. కీచుమంటూ జానెడు జరిగింది. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. చెమటలు కారుతున్నా ఆగలేదు. "నా గది, నా మంచం" అనుకుంటూ మళ్ళీ తోశాడు. మంచం గది మధ్యకొచ్చి అడ్డంగా ఇరుక్కుంది. ఇక అటూ వెళ్ళదు, ఇటూ రాదు.

"లిన్!"

గుమ్మంలో ఐసిల్డా, చంకన ఖాళీ బుట్ట. సంతకెళ్ళే వ్యాను నిండిపోయింది, తర్వాత దానికి వెళ్దామని వెనక్కి వచ్చింది. బుట్ట జారవిడిచి వచ్చి మంచానికి అడ్డంగా పడింది.

"తిప్పకు! నీకు పుణ్యముంటుంది, తిప్పకు. మళ్ళీ దారి చూపిస్తావా?"

"ఎవరికి దారి? నాకేగా? చచ్చాక నేను ఈ ఇంటికి రాకూడదనేగా నీ ఏడుపు!" ఇన్నాళ్ళూ బిగబట్టింది బయటపడింది. "ఆ ఎగ్బర్ట్‌కి టోపీ ఇచ్చావు, ఇంక గది కూడా ఇవ్వు! నేను కొనఊపిరితో ఉంటే పాటలు పాడించావు. 'ఇంకా లేదు' అన్నావట. ఏం తొందర నీకు? నేనేం చేశాను నిన్ను?"

ఐసిల్డా మంచం పట్టె మీద కూలబడి నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది.

"నీకనుకున్నావా? ఓరి పిచ్చి మనిషీ, నీకోసం తిప్పాననుకున్నావా?"

"మరెవరికి?"

"ఆ పేరు నా నోటితో అనను. అంటే పిలిచినట్టే. అందుకే ఇన్నాళ్ళూ నోరు కుట్టుకున్నా." వేళ్ళతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వు మాత్రం పిలిచావు. జ్వరం ఎక్కువైన రోజు నీ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గోడ వైపు నా చోట్లో కూర్చుని నీకు తడిగుడ్డ వేస్తున్నా. నువ్వు నా భుజం మీద చెయ్యి వేసి తోశావు. 'లేమ్మా, లే. ఈ సీటు నీది కాదు. ఈ సీటు గల మనిషి ఎక్కింది' అన్నావు. ఆవిడని పేరు పెట్టి పిలిచి, 'కాస్త జరుగు, నేనూ వచ్చేస్తున్నా' అన్నావు. నవ్వావు లిన్. నాతో ఎప్పుడూ అలా నవ్వలేదు నువ్వు."

ఇరుక్కున్న మంచానికి అటు ఆయన, ఇటు ఆవిడ.

"ఆవిడ తొమ్మిదో రాత్రి నువ్వు ఈ గుమ్మానికి అడ్డం నిలబడ్డావని ఊరంతా చెప్పింది నాకు. వస్తే రానీ, తన గదికి తను రాదా అన్నావట. సరే అనుకునే చేసుకున్నా నిన్ను. ఆవిడ మెచ్చిన రంగు, ఆవిడ కుట్టిన పరదాలు, ఆవిడ తల దువ్వుకున్న అద్దం, ఆవిడ పడుకున్న చోటు. ఏనాడైనా ఈ గదిలో ఒక్క మేకు మార్చమన్నానా? అనలేదు. కానీ నిన్ను కూడా ఇచ్చెయ్యమంటే ఎలా ఇస్తాను? నిన్ను బండెక్కించిన వెంటనే చర్చి వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా. ఆవిడ మళ్ళీ వచ్చి చూస్తే గది తెలియకూడదు, నువ్వు తెలియకూడదు. బయట వరండాలో పడుకుంటానంటే నా ప్రాణం పోయింది."

"టోపీ..."

"ఎవరు కొన్నారు ఆ టోపీ?"

పర్లీన్ కొన్నది. లిన్వల్ గది నాలుగు వైపులా చూశాడు. వచ్చిన రోజు నుంచీ ఏం పోయిందో చూశాడు గానీ ఏం మిగిలిందో చూడలేదు. మేకుకి ఆయన టికెట్టు పంచ్ వేలాడుతోంది, తుడిచి పెట్టి ఉంది. గడ్డం గీసుకునే కత్తి, బైబిలు, ఆదివారం బూట్లు, అన్నీ ఉన్నాయి. ఆ టోపీ తప్ప పోయినవాటిలో ఆయనది ఒక్కటీ లేదు. అన్నీ పర్లీన్‌వి. దొంగ టికెట్టుని దూరం నుంచే పసిగట్టే మనిషికి సొంత గదిలో ఇది కనపడలేదు. సిగ్గుతో తల దించుకున్నాడు. సిగ్గు కంటే ఎక్కువగా ఇంకొకటి కలుక్కుమంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషిని ఇంకొకళ్ళ సీట్లో కూర్చోబెట్టి, ఎప్పుడు లేవమంటానో అన్నట్టు ఉంచాడు తను. జ్వరంలో నిజంగానే లేవమన్నాడు.

"ఐసీ, ఆ కోడు పట్టుకో" అన్నాడు.

"ఎటు తోస్తావు?" ఆవిడ కదల్లేదు.

"నువ్వు పెట్టిన చోటికే."

ఇద్దరూ తోశారు. ఎక్కువగా ఐసిల్డాయే తోసింది, లిన్వల్ మూలిగాడు. మంచం కిటికీ పక్కన కుదురుకుంది. ఆవిడ దుప్పటి సరిచేసి, అలవాటు కొద్దీ లోపలి వైపు దిండు తన వైపుకి లాక్కుంది.

"ఆగు. నీకు ఏ వైపు కావాలి?" అన్నాడు.

"ఏ వైపేమిటి? లోపలి వైపేగా నాది."

"అది నాదీ కాదు, నీదీ కాదు. నీకేది కావాలో అడుగుతున్నా."

ఆవిడ మంచం వంక చూసింది, కిటికీ వంక చూసింది. "కిటికీ వైపు" అంది చివరికి, చిన్నపిల్లలా. "గాలి తగులుతుంది. ఎప్పట్నుంచో అనుకుంటున్నా."

లిన్వల్ తల ఊపి, మెల్లగా నడుచుకుంటూ వీధి గుమ్మం దాకా వెళ్ళాడు. చెత్త ఊడ్చి బయటికి కొట్టిన గుమ్మం అదే. ఎదురుగా రోడ్డు, రోడ్డుకి ఆవల కొండ. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"పర్లీన్!"

"పేరెత్తకు లిన్!" లోపలి నుంచి ఐసిల్డా కేక వేసింది. కంచె మీద ఊనా తల లేచింది.

లిన్వల్ ఆగలేదు. కొండదారి పొడుగునా ఊళ్ళ పేర్లు అరిచిన పాత గొంతు ఎక్కడి నుంచో తిరిగొచ్చింది. "పర్లీన్! ఈ బండి నిండిపోయింది తల్లీ. నువ్వెళ్ళు. నాకోసం ఆగకు." ఆవిడంటే ప్రాణం పెట్టిన మనిషే మరి. కళ్ళు తుడుచుకుని, కొంచెం తగ్గించి అన్నాడు. "నేను తర్వాత దానికి వస్తా."

గుమ్మం చెక్క మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

వెనక గదిలో కిటికీ రెక్కలు తెరుస్తున్న చప్పుడైంది.